ఛాయాదేవి చెయ్యి

మా సొసైటీలో ఛాయాదేవి చేతి దెబ్బ తిననివాళ్లు తక్కువ. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా ఎనిమిదంతస్తుల భవనానికి కొత్తగా వాచ్‌మన్ వస్తే మొదటి వారంలోనే ఆ ముచ్చట తీరిపోయేది. నీళ్ల ట్యాంకరువాడు తిన్నాడు. కేబుల్‌వాడు తిన్నాడు. లిఫ్టులో సిగరెట్టు వెలిగించిన బ్యాంకు మేనేజరొకాయన కూడా తిన్నాడు. పోలీసు రిపోర్టు ఇస్తానని బయల్దేరాడు గానీ, కొట్టింది అయిదడుగులైనా లేని ఆడమనిషని స్టేషన్లో చెప్పుకోవాల్సి వస్తుందని గుర్తొచ్చి గేటు దగ్గర్నుంచే వెనక్కి వచ్చాడు. చివరికి నేను కూడా తిన్నాను.

నా పేరు పద్మనాభం. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుని. నేను చెప్పబోయే ఆదివారం నాటికి, అంటే 2006 జూన్‌కి, నాకు యాభై మూడేళ్లు. మా నాన్న నన్నెప్పుడూ కొట్టలేదు. నేను నా పిల్లల్ని కొట్టలేదు. ప్యూన్‌ని కూడా మీరు అనే పిలిచేవాణ్ణి. ఆ మంచితనం చూసుకుని లోలోపల చాలా మురిసిపోయేవాణ్ణి. ఐదో అంతస్తులో మా పక్క ఫ్లాటే ఛాయాదేవిది కాబట్టి మురిసిపోవడానికి రోజుకో సందర్భం దొరికేది.

ఆవిడది బాపట్ల దగ్గర పల్లె. భర్త వీరరాఘవులు కూడా ఢిల్లీలో ప్రభుత్వోద్యోగే. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన వాటా మాటలు, ఆయన వాటా కోపం కూడా ఆవిడే ఖర్చు పెడుతుందని మేం నవ్వుకునేవాళ్లం. ఆవిడ కుడిచేతికి మోచేయి నుంచి మణికట్టుదాకా కాలిన మచ్చ ఉండేది. చర్మం ముడతలు పడి నున్నగా మెరిసేది. ఆ మచ్చని కొంగుతో కప్పుకునే అలవాటు ఆవిడకి లేదు. ఎవరైనా అదేపనిగా చూస్తే చెయ్యి వాళ్ల ముఖం మీదికి చాపి, "దేఖ్ లియా?" అని, చూడటం అయిందా అన్నట్టు అడిగేది.

ఆ మచ్చ ఎలా వచ్చిందో ఒకసారి మా ఆవిడ లక్ష్మీకుమారికి చెప్పింది. పెళ్లయి ఢిల్లీ వచ్చిన మొదటి ఏడు. పందొమ్మిదేళ్ల పిల్ల. బావగారి క్వార్టర్లోనే అందరి కాపురం. ఇంట్లోకి గ్యాసు పొయ్యి కొత్తగా వచ్చింది. ఒకరోజు వంటింట్లో ఏదో వాసన వేసింది. ఎక్కణ్ణుంచి వస్తోందో చూద్దామని తోడికోడలు అగ్గిపుల్ల తీసింది.

"నాకు అనుమానంగానే ఉంది అక్కయ్యగారూ. ఆ చేతిమీద ఒక్కటిచ్చుంటే అగ్గిపెట్టె కిందపడేది. పెద్దకోడలు గదా, కొడితే ఏమనుకుంటదోనని చూస్తా నిలబడ్డా," అందట.

తోడికోడలి ఒంటికి నైలాన్ చీర కరిగి అంటుకుపోయింది. లాగితే చీరతోపాటు చర్మం ఊడివచ్చింది. లాగింది ఛాయాదేవే. తోడికోడలు మూడోరోజున పోయింది. ఆ తర్వాత ఎవరేమనుకుంటారో అని ఛాయాదేవి ఆగిన సందర్భం నేనైతే చూడలేదు.

మధ్యలో ఓ పదేళ్లు ఘజియాబాద్‌లో ఒక గ్యాసు ఏజెన్సీలో ఫిర్యాదుల ఫోను దగ్గర పనిచేసింది. వాసన వస్తోందని ఎవరైనా ఫోను చేస్తే ముందు తిట్టేది. "ఫోనెక్కడుంది? వంటింటి పక్కనా? అక్కడ నిలబడి నాతో కబుర్లేంది నీకు? రెగ్యులేటర్ కట్టెయ్. కిటికీలు తెరువు. ఫ్యాను వెయ్యమాక, ఆడేది ఆపమాక. ఏ స్విచ్చూ ముట్టుకోమాక. పిల్లల్ని తీసుకుని కిందికి పో. అవతలి వీధికి పోయి అప్పుడు చెయ్ ఫోను!" ఇదంతా హిందీలోనే అనేది, తిట్లు మాత్రం బాపట్లవి. గ్యాసు లీకుల కంటే ఆవిడ నోటి మీదే ఎక్కువ ఫిర్యాదులు వచ్చేవి. అయినా యజమాని భరించాడు. చివరికి కౌంటరు దగ్గర, సబ్బు నురగతో లీకు చూసుకోమంటే ఒక పెద్దమనిషి నవ్వాడట. సబ్బు నురగ రాసి బుడగలొస్తాయేమో చూడటం ఆడవాళ్ల పని, నేను ఇరవై ఏళ్లుగా అగ్గిపుల్ల గీసే చూస్తున్నాను అన్నాడట. ఆవిడ గాజు పేపర్‌వెయిట్ తీసి విసిరింది. ఆయన ముక్కు ఎముక విరిగింది. ఆవిడ ఉద్యోగం పోయింది.

"ఆ ముక్కుని చూసుకున్నప్పుడల్లా అగ్గిపుల్ల గియ్యకూడదని గుర్తొచ్చిద్ది. బతికిపోయాడు," అనేది. పశ్చాత్తాపం మాట దేవుడెరుగు, అదొక దానధర్మం చేసినట్టే చెప్పేది.

మా భవనంలో తెలుగువాళ్లం మూడే ఇళ్లు, మూడూ ఐదో అంతస్తులోనే. మూడో ఇల్లు రఘురామ్, ప్రణతిలది. హైదరాబాద్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్లు. తేజశ్రీ అని వాళ్లకి ఐదేళ్ల పాప. నాలుగో ఫ్లాటులో ఖన్నా అనే పంజాబీ ఆయన. మా ఇంగువ, మా ఎండుచేపలు, మా వెల్లుల్లి తాళింపులు ఆయనకి పడవు. ఐదో అంతస్తులో మద్రాసీల వాసన భరించలేకపోతున్నామని కమిటీకి రాశాడు. కమిటీ నోటీసు పెట్టింది. ఘాటు వంటలు చేసేవారు వంటింటి కిటికీలు, తలుపులు మూసి ఉంచవలసిందిగా మనవి అని. ఆ ఇంగ్లీషు దిద్దింది నేనే. మనవి అనే మాట చేర్చింది కూడా నేనే. కమిటీలో నాకొక చిన్న పదవి ఉండేది. మనవాళ్ల మీద నోటీసు మనమే మర్యాదగా రాస్తే గౌరవంగా ఉంటుందనుకున్నాను.

ఛాయాదేవి మీటింగుకి ఎండుచేపల పొట్లంతో వచ్చింది. నోటీసు చింపి, పొట్లం సెక్రటరీ ముందు బల్లమీద కొట్టింది. చేపలు ఆయన ఒళ్లో పడ్డాయి. ఆయన లేవబోతే కాలరు పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టింది. "ఇయ్యాల్టి నించి కిటికీలే కాదు, వాకిలి కూడా తీసి వండుతా. ఏం చేస్తావో చెయ్," అంది తెలుగులోనే. సెక్రటరీకి భాష రాకపోయినా విషయం అర్థమైంది.

ప్రణతి అలాంటి పిల్ల కాదు. నెమ్మదస్తురాలు. నోటీసు చూసిన రోజునే వంటింటి కిటికీకి గడియ పెట్టింది. ఎగ్జాస్ట్ ఫ్యాను కన్నానికి అట్టముక్క అంటించింది. వాసన నడవాలోకి పోకుండా వాకిలి కింద సందులో తడితువ్వాలు కుక్కేది. "మంచి పని చేశావమ్మా, పదిమందిలో ఉన్నప్పుడు సర్దుకుపోవాలి," అని మెచ్చుకున్నాను. ఆ మెచ్చుకోలు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తర్వాత తెలిసిన సంగతి ముందే చెబుతాను. ప్రణతికి రాత్రి షిఫ్టు. ఆ ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకి ఇంటికొచ్చి, పాప కోసం పెద్ద పొయ్యిమీద పాలు పెట్టింది. రఘురామ్‌కి ఆఫీసు పని తగిలి గుర్గావ్ బయల్దేరుతుంటే తలుపు దాకా వెళ్లి సాగనంపింది. అలవాటుగా తువ్వాలు సందులో కుక్కింది. పాప పక్కన ఒక్క నిమిషం నడుం వాలుద్దామని పడకగదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఏసీ చల్లదనానికి ఒళ్లు తెలియని నిద్ర పట్టింది. పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు మాత్రం ఆగలేదు.

తొమ్మిదింటికి నేను పేపరు కోసం వాకిలి తీస్తే నడవాలో వాసన. కుళ్లిన వెల్లుల్లి లాంటిది. ఇవాళ ఎవరింట్లో ఏ పచ్చడి తిరగబడిందో అనుకున్నాను. ఖన్నా ముక్కు మూసుకుని వెళుతూ, "పద్మనాభం జీ, ఆజ్ క్యా పక్ రహా హై?" అని, ఇవాళ్టి వంటేమిటని నవ్వుతూ అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మన పరువు మనమే కాపాడుకోవాలి కదా. లోపలికి పోయి స్నానం, పూజ ముగించుకుని, నాలుగు అగరొత్తులు వెలిగించి తెచ్చి, ప్రణతి వాకిలి పక్కనున్న పూలకుండీలో గుచ్చాను. మనవాళ్ల వాసన మీద మంచి వాసన కప్పుదామని.

వీరరాఘవులు కూరగాయలకి బజారుకి వెళ్లాడు. అప్పుడే ఛాయాదేవి చెత్తబుట్ట పట్టుకుని బయటికొచ్చింది. ఒక్కసారి గాలి పీల్చింది. బుట్ట కిందపడేసి, నేను నమస్కారం పెట్టేలోపు నా చెంప పగలగొట్టింది. కళ్లద్దాలు ఎగిరి గోడకి తగిలాయి. నేను తేరుకునేసరికి ఆవిడ నాలుగు అగరొత్తులూ పీకి, మండే చివళ్లని అరచేతిలోనే నలిపేసింది.

"మతి ఉందా అన్నయ్యగారూ? గ్యాసు ముందర నిప్పు పెడతారా?"

"గ్యాసా? నేను వంట వాసనేమోనని..."

ఆవిడ మోకాళ్లమీద వంగి, సందులోంచి కనబడే తువ్వాలు కొస పట్టి లాగి పారేసి, సందు దగ్గర ముక్కు పెట్టింది. లేచేటప్పటికి ముఖం పాలిపోయి ఉంది. ఆ ముఖంలో భయం నేను చూడటం అదే మొదటిసారి. ఏదో ఒకటి చేద్దామని కాలింగ్ బెల్ మీదికి చెయ్యి చాపాను. మణికట్టు మీద ఇంకో దెబ్బ పడింది.

"బెల్లు ముట్టుకోమాకండి! లోపల టిక్కుమంటే చాలు, లేచిపోద్ది." రెండు పిడికిళ్లతో తలుపు బాదుతూ అరిచింది. "ప్రణతీ! ఏయ్ ప్రణతీ! లెగవే! లైటు వెయ్యమాక, లెగిసి రా!"

లోపల చప్పుడు లేదు. అంతలో కరెంటు పోయింది. ఇందిరాపురంలో వేసవి ఆదివారం కరెంటు పోకపోతేనే వింత. నడవా చీకటైంది. కిందెక్కడో లిఫ్టు ఆగిపోయి, సెక్రటరీగారి తల్లి మాతాజీ లోపలినుంచి కేకలు పెట్టడం మొదలుపెట్టింది. చీకట్లో ఏమిటీ గొడవ అంటూ ఖన్నా టార్చి తీసుకుని వచ్చాడు. దాని మీట మీద వేలు పెట్టేలోపు ఛాయాదేవి మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. టార్చి మెట్లమీద దొర్లుకుంటూ పోయింది. ఖన్నా చెయ్యి పట్టుకుని గోడకి చేరగిలబడ్డాడు.

"కరెంటు పోవటమే మంచిదైంది," అంది నావైపు తిరిగి. "పొద్దుట్నించీ వాళ్ల ఫ్రిజ్జు ఎన్నిసార్లు ఆడి ఆగిందో. వాళ్లకి భూమ్మీద నూకలుండి అంటుకోలేదు. ఇప్పుడు జనరేటర్ వేస్తే ఫ్రిజ్జూ, ఏసీ, స్టెబిలైజర్లు అన్నీ ఒక్కసారే టకటకా లేస్తయ్. ఈ గ్యాసు నేలబారున ఉంటది, స్టెబిలైజర్ ఉండేదీ నేలమీదే. తలుపు పగలగొట్టి ఇద్దర్నీ లాక్కొస్తా. మీరు కిందికి పోయి జనరేటర్ వేసే ఓంవీర్‌ని ఆపండి. పావుగంట చాలు. మాటతో వింటే సరే, వినకపోతే చేత్తో చెప్పండి. అర్థమైందా అన్నయ్యగారూ?"

"అలాగేనమ్మా," అన్నాను.

"అక్కయ్యగారూ, మీరు అందర్నీ మెట్ల మీదనించి దింపండి. ఫైరువాళ్లకి ఫోను కిందికి పోయాకే చెయ్యాలి, ఇక్కడ తియ్యమాకండి," అని చప్పుడుకి బయటికొచ్చిన మా ఆవిడకి చెప్పి తన ఇంట్లోకి పరుగెత్తింది. ఖన్నా ఇనుప సుత్తి తెస్తానంటే, "ఇనుము తగిల్తే నిప్పు రేగిద్ది, నీ మొహం మండా!" అని తిట్టి, పుట్టింటినుంచి తెచ్చుకున్న కర్ర రోకలి తీసుకొచ్చింది. దానికున్న ఇనుప పొన్ను వైపు చేత్తో పట్టుకుని, ఉత్త కర్ర వైపు తలుపుకేసి పొడిచింది. నేను మెట్లు దిగుతుంటే ఆ పోట్లు ఒక్కొక్కటే పైనుంచి వినిపిస్తున్నాయి.

ఐదంతస్తులు దిగేసరికి నాకు ఊపిరి అందడం లేదు. జనరేటర్ షెడ్డు భవనం వెనకాల. ఓంవీర్ ఇంజను అప్పటికే స్టార్ట్ చేశాడు. ఇంజను వేడెక్కితే గోడకున్న పెద్ద లివర్ పైకెత్తుతాడు. ఎత్తితే భవనమంతా కరెంటు. నలభై ఏళ్లవాడు, ముగ్గురు పిల్లల తండ్రి. కిందటి నెల జనరేటర్ ఆలస్యమైందని సెక్రటరీ జీతం కోసి, అందరి ముందూ నానా మాటలూ అన్నాడు.

"భయ్యా, కృపయా దో మినట్ రుకియే," అని రెండు నిమిషాలు ఆగమన్నాను. ఐదో అంతస్తులో గ్యాసు లీకైంది, ఇప్పుడు కరెంటు ఇవ్వకూడదు, లోపల తల్లీబిడ్డా ఉన్నారని చక్కగా, వరసగా, ఫైలు మీద నోటు రాసినట్టు వివరించాను. వాడు చెయ్యి ఆపాడు. భయపడ్డాడు కూడా. ఆ మాట చెప్పకపోతే వాడికి అన్యాయం చేసినవాణ్ణవుతాను.

"కానీ లిఫ్టులో మాతాజీ ఉంది సాబ్. లిఫ్టుకి వేరే లైను లేదు. ఆమెకి గుండెజబ్బు. ఏదైనా అయితే నన్ను చంపేస్తారు. సెక్రటరీ సాబ్‌తో ఒక మాట చెప్పించండి," అన్నాడు.

వాడి సెల్‌ఫోను నుంచి సెక్రటరీకి చేశాను. ఎంగేజ్ వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ ఎంగేజే. అప్పుడు నా ముప్ఫై ఏళ్ల ఉద్యోగ బుద్ధి పనిచేసింది.

"నా బాధ్యత మీద ఆపమని రాసిస్తాను. సంతకం పెడతాను. అప్పుడు మీ మీదికి ఏమీ రాదు," అన్నాను.

వాడికి అది బాగానే తోచింది. డీజిల్ రిజిస్టరు అందించాడు. నేను జేబులోంచి పెన్ను తీశాను. తారీఖు వేశాను. టైము వేశాను. ఐదవ అంతస్తులో గ్యాసు లీకైనట్లు అనుమానం కలిగినందున అని మొదలుపెట్టాను. అనుమానం అని రాయడమా, లీకైనందున అని గట్టిగానే రాయడమా అని ఒక్క క్షణం తటపటాయించాను. రేపు లీకు కాదని తేలితే మాట నా మీదికి వస్తుంది కదా. నిజంగానే ఆ ఆలోచన వచ్చింది. దాచుకుని ఏం లాభం?

అప్పుడు వాడి ఫోను మోగింది. సెక్రటరీ. ఆ అరుపు నాకూ వినిపించింది. అమ్మ లోపల చచ్చిపోయేలా ఉంది, నీ అబ్బ, లివర్ ఎత్తుతావా లేదా అని. ఫోను నాకివ్వమని చెయ్యి చాపాను. ఇచ్చేలోపే ఆయన పెట్టేశాడు. ఓంవీర్ నావైపు చూశాడు, రిజిస్టరు వైపు చూశాడు. లివర్ వైపు నడిచాడు. నాలుగడుగుల దూరం. నా పక్కనుంచే నడిచాడు. నేను చెయ్యి చాపితే చొక్కా అందేది. పక్కన గోడకి ఆనించి స్పానరు ఉంది. బక్కమనిషి, తోస్తే పడేవాడు.

"అరే భయ్యా, ప్లీజ్," అన్నాను.

వాడు లివర్ ఎత్తాడు.

ముందు లిఫ్టు కదిలిన చప్పుడు వినపడింది. వెంటనే నేల అదిరింది. అది పటాకీ మోతలా లేదు, ఎవరో బండరాయితో భవనం గుండెల మీద గుద్దినట్టుంది. పైనుంచి గాజుముక్కలు, కిటికీ చట్రం, ఒక కుర్చీ, మండుతున్న కర్టెన్ కింద పార్కింగులోకి వచ్చి పడ్డాయి. ఒక కారు అద్దం పగిలి సైరన్ కొట్టుకోసాగింది. మాతాజీ లిఫ్టులోంచి క్షేమంగా దిగి, ఏమైందని అడిగింది.

పైన ఏం జరిగిందో ఖన్నా, ప్రణతి చెబితే తెలిసింది. రోకలి పోట్లకి గడియ ఊడి తలుపు విరిగింది. ఛాయాదేవి కొంగు ముక్కుకి కట్టుకుని దూరింది. ముందు బాల్కనీ తలుపు తెరిచింది. పొయ్యి కట్టింది, రెగ్యులేటర్ తిప్పేసింది. పడకగదిలోకి పోయి పాపని భుజాన వేసుకొచ్చి మెట్ల దగ్గర ఖన్నా చేతుల్లో పడేసి, దిగిపొమ్మని వీపు మీద చరిచింది. మళ్లీ లోపలికి పోయింది. ప్రణతి లేవలేదు. రెండు చెంపలూ వాయించింది. అయినా కళ్లు మూతలు పడుతుంటే జడ చేతికి చుట్టుకుని నేలమీద ఈడ్చుకొచ్చింది. ప్రణతి నొప్పికి ఏడుస్తూ, పూర్తిగా మెలకువ వచ్చి ఆంటీ వదలండి అని గింజుకుందట. హాలు దాటుతుండగా ఫ్రిజ్జు దగ్గర టక్కుమంది. ఛాయాదేవి ఆమె నడుం మీద కాలితో ఒక్క తాపు తన్నింది. ప్రణతి వాకిట్లోంచి ఎగిరి మెట్లమీద పడింది. చెయ్యి విరిగింది, పళ్లు రెండు ఊడాయి. ప్రాణం మిగిలింది. వెనకాల హాలంతా నేలమీదినుంచి నీలం మంట లేచి ఒక్క ఊపులో అంతటా పాకింది. ఛాయాదేవి ఇంకా గడప లోపలే ఉంది.

పావుగంట అడిగింది. నేను ఏడు నిమిషాలిచ్చాను. ఆవిడకి కావలసింది ఇంకొక్క నిమిషం.

కింద జనం ఓంవీర్‌ని షెడ్డులోంచి లాక్కొచ్చారు. వాచ్‌మన్లు, కారు అద్దం పగిలినాయన, ఏం జరిగిందో తెలియనివాళ్లు కూడా కొట్టారు. చెప్పులతో కొట్టారు, కర్రలతో కొట్టారు. చొక్కా చిరిగిపోయింది, కనుబొమ చిట్లి రక్తం కంట్లోకి కారుతోంది. ఆ గుంపులో వాడు నన్ను చూశాడు. దేవుణ్ణి చూసినట్టు రెండు చేతులూ జోడించి, "సాబ్, మీరు చెప్పండి సాబ్. ఆప్ తో లిఖ్ రహే థే. రాస్తూనే ఉన్నారు కదా సాబ్," అన్నాడు.

నేను వాణ్ణి కొట్టాను. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది, పిడికిలి బిగించి నోటిమీద కొట్టాను. పెదవి పగిలింది. మళ్లీ కొట్టాను. జనం ఆగి చూస్తున్నా నేను ఆగలేదు. మా ఆవిడ వచ్చి నన్ను వెనక్కి లాగేదాకా కొడుతూనే ఉన్నాను. అంత బలం నా చేతిలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

పోలీసులు ఓంవీర్‌ని తీసుకెళ్లారు. నన్ను సాక్షిగా రాసుకున్నారు. రిజిస్టరులో నా సగం వాక్యం చూసి, మీరు చాలా ప్రయత్నించారండీ అని ఇన్‌స్పెక్టరు నన్ను మెచ్చుకున్నాడు. కమిటీ వాళ్లు కూడా మెచ్చుకున్నారు. నేను వద్దనలేదు.

ఛాయాదేవి పదకొండు రోజులు బతికింది. వీరరాఘవులు ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని, వచ్చినవాళ్లందరికీ జరిగింది మొదటినుంచీ చెప్పేవాడు. ముప్ఫై ఏళ్ల మాటలన్నీ ఆ పదకొండు రోజుల్లోనే మాట్లాడాడు. రఘురామ్ రోజూ వచ్చి ఏడ్చి వెళ్లేవాడు. నేను ఐదురోజులు లోపలికి వెళ్లలేక వాకిలి దగ్గరే నిలబడ్డాను. ఆరోరోజున ఆవిడే పిలిపించింది.

ఒంటిమీద గుడ్డ ఆనకుండా మంచానికి వలలాంటిది కట్టారు. ముఖానికి కట్లు. ఒక కన్ను మాత్రం కనబడుతోంది. రెండు చేతులూ దళసరిగా చుట్టి దిండ్ల మీద పెట్టారు. వేళ్లు ఉన్నాయో లేవో నేను చూడలేదు.

"పాపెట్టా ఉంది?" అని అడిగింది. గొంతు బొంగురుపోయింది.

"బావుందమ్మా. ప్రణతి కూడా కోలుకుంటోంది. నిన్ను చూస్తానని గొడవ చేస్తోంది."

"రావద్దనండి. ఈ రూపు చూస్తే ఇక నిద్రపోదు." ఊపిరి తీసుకుంది. "ఓంవీర్‌ని కొట్టారంట గదా. మా ఆయన చెప్పాడు. పళ్లు రాలగొట్టారంట."

"కొట్టానమ్మా," అన్నాను. ఆవిడ మెచ్చుకుంటుందని ఆశ పడ్డాను. యాభై మూడేళ్లవాణ్ణి, ఆ మంచం దగ్గర నిలబడి ఆ మాటకోసం ఎదురుచూశాను.

"లివర్ ఎత్తకముందా, ఎత్తాకనా?"

నర్సు వచ్చి సెలైన్ సీసా మార్చి వెళ్లింది. ఆవిడ ఆ ఒక్క కన్నూ నామీదినుంచి తిప్పలేదు.

"ఎత్తాక," అన్నాను.

ఛాయాదేవి కన్ను మూసుకుంది.

"అయితే ఆ దెబ్బ నాకోసం కొట్టింది కాదులెండి అన్నయ్యగారూ," అంది.